గురువిద్యాలయంలో చదువుకు ఏది మేలు: ఒకే రెక్టరా, ఇద్దరు పెద్దలా?

కతోలిక గురువులను, అంటే ఫాదర్లను, తయారుచేసే గురువిద్యాలయానికి (సెమినరీకి) పెద్దగా పండితుడిని పెట్టాలా, పరిపాలన తెలిసినవాడిని పెట్టాలా అన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. దానికన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుందని నాకనిపిస్తుంది. కుర్రాడి చదువునూ, అతని దైవపిలుపునూ ఒకే మనిషి చేతిలో పెట్టాలా, ఇద్దరికి పంచాలా? మన దేశంలో రెండు పద్ధతులూ నడుస్తున్నాయి.

మొదటిది, అంతా ఒకరి చేతిలో ఉండే పద్ధతి, తెలుగు మేత్రాసనాలకు (బిషప్‌ల పరిధిలోని ప్రాంతాలకు) బాగా తెలిసినదే. హైదరాబాద్ రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ప్రతి సెమినరీకీ ఒక రెక్టర్, అంటే దాన్ని నడిపే పెద్ద, ఉండాలని శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 239వ సూత్రం చెబుతుంది. పాఠాలు కూడా అక్కడే జరిగితే వాటిని సమన్వయం చేసే స్టడీస్ డైరెక్టర్ ఉండాలి. అయితే ఎవరి పని వాళ్లు చేస్తూనే అందరూ రెక్టర్ మాటకు లోబడాలని 260వ సూత్రం అంటుంది. చివరి మాట ఆయనదే.

రెండోది పుణెలో కనిపిస్తుంది. 1893లో 13వ లియో పోపు శ్రీలంకలోని క్యాండీలో స్థాపించిన పేపల్ సెమినరీ 1955లో పుణెకు వచ్చింది. ఇప్పుడు అక్కడ తత్వశాస్త్రం, దైవశాస్త్రం చెప్పేది యేసుసభ (జెస్యూట్) గురువులు నడిపే జ్ఞానదీప విద్యాపీఠం. దానికి ఒక ప్రెసిడెంట్, ఒక్కో ఫ్యాకల్టీకి ఒక డీన్ ఉంటారు. విద్యార్థులు ఉండేది మాత్రం వేర్వేరు ఇళ్లలో: మేత్రాసనాల వాళ్లు పేపల్ సెమినరీలో, యేసుసభ వాళ్లు డి నోబిలి కాలేజీలో, మిగతా సన్యాస సభల వాళ్లు తమ తమ నివాసాల్లో. ఏ ఇంటి పెద్ద ఆ ఇంటికే. పేపర్లు దిద్దేది ఒకరైతే, గురుపట్టానికి (ఫాదర్‌గా అభిషేకం పొందడానికి) తగినవాడా కాదా అని చూసేది ఇంకొకరు.

ఒకే రెక్టర్ పద్ధతిలో బలం ఉంది, కాదనను. చట్టం ప్రకారం కనీసం రెండేళ్ల తత్వశాస్త్రం, నాలుగేళ్ల దైవశాస్త్రం చదవాలి. అంతకాలం కుర్రాణ్ణి దగ్గరగా చూసినవాడికి అతని మార్కులు ఎందుకు తగ్గాయో, ఇంట్లో ఏ కష్టం వచ్చిందో తెలుస్తుంది. ఖర్చూ తక్కువే.

కానీ చదువు దగ్గరికొచ్చేసరికి నాకు బెంగ పట్టుకుంటుంది. దేవుడి ఉనికిని తర్కంతో నిరూపించలేమన్న జర్మన్ తత్వవేత్త కాంట్ వాదన చదివిన ఇరవై ఏళ్ల కుర్రాడికి సందేహం వస్తుంది, రావాలి కూడా. ఆ సందేహాన్ని క్లాసులో గట్టిగా వాదించగలిగితేనే తత్వశాస్త్రం వంటబడుతుంది. తన గురించి మేత్రాణులకు (బిషప్‌కు) రిపోర్టు రాసే ఫాదరే ఎదురుగా కూర్చుని వింటుంటే ఎంతమంది నోరు విప్పుతారు? నోట్సు బట్టీపట్టి పాసైపోవడమే క్షేమం అనుకుంటారు. ఈ చిక్కు శ్రీసభకు తెలియనిది కాదు. ఒకరిని గురుపట్టానికి తీసుకోవాలా, పంపించేయాలా అని తేల్చేటప్పుడు ఆత్మీయ గురువునూ పాపసంకీర్తనం వినే గురువునూ అభిప్రాయం అడగకూడదని 240వ సూత్రం కచ్చితంగా చెబుతుంది. మనస్సాక్షి విషయంలో అంత జాగ్రత్త పడినప్పుడు, క్లాసులో వేసే ప్రశ్న విషయంలో కొంతైనా పడవద్దా?

ఇక రెక్టర్ సమయం సంగతి. మేత్రాణులతో మీటింగులు, విరాళాలు, వంటశాల, జ్వరం వచ్చిన పిల్లలు. వీటి మధ్య ఆయన ఎంత పండితుడైనా కొత్త పుస్తకం తెరిచే తీరిక దొరకదు. పుణెలో బోధించిన జోసెఫ్ నోయ్నర్ ప్రపంచ కతోలిక బిషప్‌లు కూడిన రెండో వాటికన్ మహాసభలో నిపుణుడిగా పనిచేశారు. జార్జ్ సోరెస్-ప్రభు అక్కడే బోధిస్తూ భారతీయుడి కళ్లతో సువార్తలను చదివి చూపించారు. అలాంటి పని జరగాలంటే హాస్టల్ బరువు వేరేవాళ్లు మోయాలని నా నమ్మకం. పైగా ఆ క్లాసుల్లో అనేక సభల వాళ్లు, మఠకన్యలు, గృహస్థులు కలిసి కూర్చుంటారు. ప్రశ్నలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి.

అలాగని పుణె పద్ధతిలో లోటు లేకపోలేదు. క్లాసులో మెరిసే విద్యార్థి ప్రార్థనలో ఎండిపోతుంటే ప్రొఫెసర్‌కు తెలియకపోవచ్చు. స్వేచ్ఛకూ హద్దులున్నాయి. 2017 నాటి ఫ్రాన్సిస్ పోపు చట్టం ప్రకారం ఇలాంటి విద్యాపీఠాల పెద్దను రోమ్ నియమించాలి, లేదా కనీసం ఖాయం చేయాలి. మనవాళ్లకు ఇంకో ఇబ్బంది, అక్కడ చదువంతా ఇంగ్లిష్‌లోనే. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం దగ్గర్లోని విచారణకు (పారిష్‌కు) వెళ్లి తెలుగులో ప్రసంగం చెప్పి, జనం ముఖాలు చూసి సరిదిద్దుకోవచ్చు.

అయినా చదువు వరకూ తేల్చి చెప్పమంటే ఇద్దరు పెద్దల పద్ధతే మేలంటాను. ప్రతి ప్రాంతీయ సెమినరీ పుణెలా మారలేదు, మారనక్కర్లేదు. రెక్టర్‌నే ఉంచి, స్టడీస్ డైరెక్టర్‌కు నిజమైన అధికారం ఇస్తే చాలు. మార్కుల్లో, లైబ్రరీకి పుస్తకాలు కొనడంలో, అధ్యాపకుల పరిశోధన సెలవులో ఆయన మాటే చెల్లాలి. అన్నిటికన్నా ముఖ్యం బదిలీలు. ఒక ఫాదర్‌ను ఏళ్ల తరబడి చదివించి డాక్టరేట్ చేయించి, పాఠం కుదురుకునే వేళకు విచారణకు పంపేస్తే సెమినరీ మళ్లీ మొదటికొస్తుంది. పంపే మేత్రాణులు ఎవరైనా, ఇన్నేళ్ల వరకు అధ్యాపకుణ్ణి కదపబోమని సెమినరీకి ముందే రాతపూర్వకంగా మాటివ్వాలి.