పాపకు దూరంగా 8 నెలలు: పాల పంపు నాకు నేర్పినవి

మా పాపకు 9 నెలలు నిండిన వారంలోనే నన్ను మా సంస్థ హైదరాబాదు కార్యాలయానికి మార్చింది. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటూ పసిదాన్ని చూసుకునే వీలు లేక పాపను రాజమహేంద్రవరంలో అమ్మ దగ్గర ఉంచాను. శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి ఇల్లు చేరడం, ఆదివారం రాత్రి తిరుగు బండి ఎక్కడం 8 నెలలు సాగాయి. ఆ 8 నెలలూ పాలు ఇంకిపోకుండా నన్ను ఆదుకున్నది, రెండు రొమ్ముల నుంచీ ఒకేసారి పాలు తీసే ఛార్జింగ్ పంపు. సుమారు 7,000 రూపాయలకు కొన్నాను. ఈ తరహా పంపులు పనిచేసే తీరు దాదాపు ఒకటే కనుక, కంపెనీ పేరు కన్నా ఎక్కువ కాలం వాడితే తెలిసే సంగతులు చెప్పడమే మేలనిపించింది.

పాప అన్నం తింటోంది కదా, ఇంకా ఈ అవస్థ ఎందుకని అడిగినవారు చాలామంది. ఆరు నెలల తర్వాత పై ఆహారం పెడుతూనే రెండేళ్ల వరకూ, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పనివేళల్లో రెండు పాలవిరామాలు ఇవ్వాలన్నది 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచీ ఉన్న నియమమే. ఆ మాట రాతపూర్వకంగా అడిగిన తర్వాతే నాకు తలుపు గడియ పడే ఒక చిన్న గది దొరికింది.

రొమ్ము నిండుగా ఉండిపోతే పాల తయారీ మందగిస్తుంది, ఖాళీ అవుతూ ఉంటే మళ్లీ ఊరుతుంది. అందుకే ఒక్కసారి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయన్నదాని కన్నా రోజుకు ఎన్నిసార్లు తీశామన్నదే ముఖ్యమని నాకు త్వరగానే అర్థమైంది. ఉదయం 6, 11, సాయంత్రం 4, రాత్రి 10 గంటలకు తీసేదాన్ని. మొదటి రెండు నెలలు తెల్లవారుజామున 3 గంటలకు కూడా లేచాను. ఉదయం 120, మిగతా వేళల్లో 70, 80 మిల్లీలీటర్ల చొప్పున వచ్చేవి. పంపు ఆపాక రెండు నిమిషాలు చేత్తో పిండితే మరో 15 మిల్లీలీటర్లు వచ్చేవి, అవి చిక్కగా ఉండేవి.

అయితే యంత్రం లాగినంత మాత్రాన పాలు రావు, చేపు రావాలి, అంటే రొమ్ములో ఊరిన పాలు కిందికి దిగాలి. పాప నోటికి క్షణాల్లో చేపుకొచ్చే పాలు, గోడకేసి చూస్తూ కూర్చుంటే అయిదారు నిమిషాలైనా వచ్చేవి కావు. పాప పట్టుకుని పడుకునే పాత నూలు చీర ముక్కను ఉతక్కుండా తెచ్చుకుని ఒళ్లో పెట్టుకునేదాన్ని. అమ్మ ఫోనులో పంపిన, పాప "తాతా" అంటూ పాకే దృశ్యాన్ని చూస్తూ భుజాలు వదులు చేసుకుంటే చురుక్కుమని చేపు వచ్చేది. పంపులో ముందు వేగంగా, సున్నితంగా లాగే పద్ధతి పెట్టి, చేపు వచ్చాక నెమ్మదిగా, బలంగా లాగే పద్ధతికి మార్చాలి. బలం ఎక్కువ పెడితే పాలు ఎక్కువ వస్తాయనుకోవడం పొరపాటు, నొప్పి పుడితే చేపు ఆగిపోతుంది. పెట్టెలో వచ్చిన, రొమ్ముకు ఆనించే 24 మిల్లీమీటర్ల గరాటు నాకు వదులై చనుమొన ఒరుసుకుపోయింది, 21 కొనుక్కున్నాక ఆ బాధ తీరింది.

మూడో నెలలో మాత్రం నా ధైర్యం సడలింది. ఉదయం 120 వచ్చేవి వారం రోజుల్లో 50కి పడిపోయాయి. "ఇంకిపోతున్నాయేమో తల్లీ, నువ్వు సరిగ్గా తినడం లేదు" అని అమ్మ బాధపడింది. ఆ వారం తెలగపిండి కూర, వెల్లుల్లి కారం కట్టి ఇచ్చింది. ఇష్టంగా తిన్నాను, పాలు మాత్రం పెరగలేదు. తెల్లవారుజామున సీసా వైపు చూస్తూ ఏడ్చిన రోజులు ఉన్నాయి. చివరికి ఒక రాత్రి భాగాలు కడుగుతూ, బాతుముక్కులా ఉండే సిలికాన్ వాల్వును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూశాను. కొనను ఉన్న సన్నని చీలిక పెదవులు మూసుకున్నట్టు ఉండాలి, అది రవ్వంత తెరుచుకునే ఉంది. మోటారు శబ్దం ఎప్పటిలాగే ఉన్నా లాగే బలమంతా అక్కడి నుంచే పోతోంది. కొత్త జత వేసిన రెండు రోజులకు 90, వారానికి 110 వచ్చాయి. తల్లి తన ఒంటిని అనుమానించే ముందు వాల్వును చూడాలని నేను గట్టిగా చెబుతాను. రోజూ ఇన్నిసార్లు వాడేవారు రెండు నెలలకోసారి దాన్ని మార్చడం మంచిది. ఈ సంగతి పంపుతో వచ్చిన పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంది, మొదటి పేజీలో ఉండాల్సిన మాట అది. పాపకు ఏడాది దాటాక నెలసరి మొదలైంది, ఆ రోజుల్లోనూ రెండు మూడు రోజులు పాలు తగ్గేవి, అప్పటికి భయపడటం మానేశాను.

సోమ, మంగళ, బుధవారాల పాలను తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లోనూ, తర్వాతి రెండు రోజులవి ఫ్రిజ్‌లోనూ ఉంచి, గడ్డకట్టిన ఐస్ జెల్ ప్యాకెట్ల మధ్య పెట్టెలో సర్ది బండెక్కేదాన్ని. దారిలో కాస్త కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకుండా ముందుగా వాడేయాలని, పొయ్యి మీద కాచకూడదని, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచితే చాలని అమ్మకు చెప్పాను. కరిగిన పాలకు కొన్నిసార్లు సబ్బు వాసన వచ్చేది, అది పాలలో ఉండే, కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైము వల్ల వచ్చేదే తప్ప చెడిపోవడం కాదు. పాప గ్లాసుతో వద్దన్న రోజున అమ్మ చల్లారిన రాగిజావలో ఆ పాలు కలిపేది.

మొదటి శనివారం పాప నన్ను చూసి నవ్వింది గానీ, రొమ్ము దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పుకుంది. ఆ వయసు పిల్లల ధ్యాస అన్నిటి మీదా ఉంటుంది. మధ్యాహ్నం తలుపులు వేసి, చీకటి గదిలో, సగం నిద్రలో ఉన్నప్పుడు ఇస్తే తాగింది. పాప తాగిన రెండు రోజుల ప్రభావం సోమవారం ఉదయం సీసాలో స్పష్టంగా కనిపించేది, పంపు ఏనాడూ అంత బాగా ఖాళీ చేయలేదు.

ఇప్పుడు పాపకు 17 నెలలు, నేను ఇంటి దగ్గరికే వచ్చేశాను. ఛార్జింగ్ మొదట్లో మూడుసార్లకు వచ్చేది, ఇప్పుడు ఒకసారికే సరిపోతోంది. మోటారు ఇంకా బాగుంది. గాలి గొట్టాల్లో తేమ చేరనివ్వకపోవడమే అందుకు కారణమని నా నమ్మకం. చెల్లెలు తన కోసం అడిగింది కానీ, ఇవి ఒక్కరు వాడుకోవడానికి చేసినవి కనుక ఇవ్వలేదు. తనకు కొత్త పంపుతో పాటు రెండు జతల వాల్వులు కొనిపెట్టాను.