జాగ్రత్త: అసలు డిస్క్‌ల మీదే చెయ్యి పెట్టే డేటా రికవరీ షాపులు

సర్వర్ పడిపోయి, రికవరీ షాపు కోసం వెతుకుతున్న వాళ్ళెవరైనా ఉంటే డిస్క్‌లు ఇచ్చే ముందు ఇది చదవండి. హైదరాబాద్‌లో ఒక షాపు మా బావ ఫొటో స్టూడియో డేటాకి చేసిన నిర్వాకం ఇది.

స్టూడియోలో నాలుగు 4 టీబీ డిస్క్‌లతో లైనక్స్ రెయిడ్ 5 (డిస్క్‌లన్నీ కలిసి ఒకే డిస్క్‌లా పనిచేసే ఎర్రే, ఒకటి పోయినా డేటా ఉంటుంది, రెండు పోతే ఉండదు), దాని మీద ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక డిస్క్ ఎర్రే నుంచి ఊడిపోయింది. కొత్తది ఆర్డర్ పెట్టాం, అది వచ్చేదాకా మిగతా మూడింటి మీదే పని నడిచింది. ఈలోగా రెండోది కూడా పడిపోయింది. నిజానికి ఈ రెండోది చచ్చిపోలేదు. మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌లు చెడ్డ సెక్టర్ (సరిగ్గా చదవలేని చోటు) తగిలితే దాన్ని చదవడానికి చాలాసేపు గింజుకుంటాయి. లైనక్స్ మాత్రం 30 సెకన్లు చూసి ఇక లాభం లేదనుకుంటుంది, ఎర్రే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఇలాంటప్పుడు డిస్క్‌లని డీడీరెస్క్యూ అనే టూల్‌తో కాపీ తీసి, ఆ కాపీల మీద ఎర్రేని ఫోర్స్ అసెంబుల్ చేస్తే, అంటే బలవంతంగా మళ్ళీ కలిపితే, చాలావరకు డేటా వచ్చేస్తుంది. అన్ని కాపీలకి సరిపడా ఖాళీ డిస్క్‌లు మా దగ్గర లేవు. అందుకే షాపుకి ఇచ్చాం.

ఇచ్చే ముందు నాలుగు డిస్క్‌ల మీదా ఎండీఅడ్మ్ (లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే టూల్) ఎగ్జామిన్ కమాండ్ నడిపి, వాటి మీదున్న ఎర్రే వివరాలు ప్రింట్ తీశాను. మొదట ఊడిన డిస్క్ ఈవెంట్ కౌంట్ (ఎర్రే స్థితి మారినప్పుడల్లా పెరిగే అంకె) మిగతా వాటికంటే వేలల్లో వెనకబడి ఉంది. అంటే అందులో ఉన్నది పాత డేటా, దాన్ని పక్కన పెట్టి మిగతా మూడింటితోనే ఎర్రే కట్టాలి. ఆ డిస్క్ మీద స్టిక్కర్ వేసి "ఇది కలపొద్దు" అని రాశాను, ప్రింట్ కూడా జతచేశాను. అసలు డిస్క్‌ల మీద కొత్తగా ఏ డేటా రాయకూడదని కౌంటర్లో గట్టిగానే చెప్పాను. "మాకు రోజూ ఇదే పని సార్, టెన్షన్ పడకండి" అన్నారు.

చాలా రోజులు తిప్పించుకుని చివరికి ఫోన్ చేశారు. "రెండు డిస్క్‌లకి హెడ్స్ పోయాయి సార్, క్లీన్ రూమ్‌లో ఓపెన్ చేసి చూశాం, డేటా రాలేదు. ఇన్‌స్పెక్షన్ చార్జీలు 18 వేలు కట్టి తీసుకెళ్ళండి." గోడ మీద బోర్డు మాత్రం డేటా రాకపోతే డబ్బులొద్దు అంటుంది! డిస్క్‌లు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి, ఏం చేస్తాం, కట్టి తెచ్చుకున్నాం.

ఇంటికొచ్చి చూస్తే మూతల మీది సీలు కూడా కదల్లేదు. డిస్క్‌లన్నీ శుభ్రంగా తిరుగుతున్నాయి. హెడ్స్, అంటే డేటా చదివే భాగాలు, పోతే డీడీరెస్క్యూ కొన్ని సెక్టర్లు తప్ప మొత్తం ఎలా చదివింది? మళ్ళీ ఎగ్జామిన్ నడిపాను. నా ప్రింట్‌లో ఎర్రే క్రియేషన్ టైమ్ 2019 అని ఉంది. ఇప్పుడు నాలుగింటి మీదా కొత్త తేదీ, డిస్క్‌లు వాళ్ళ షాపులో ఉన్న ఒక మధ్యాహ్నం. ఎర్రే యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) కూడా మారిపోయింది. అంటే అసలు డిస్క్‌ల మీదే కొత్తగా ఎర్రే క్రియేట్ చేశారు, కలపొద్దన్న డిస్క్‌ని కూడా కలిపి మరీ.

దీనివల్ల ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఇది తెలియదు. రెయిడ్ 5 ని కొత్తగా క్రియేట్ చేస్తే, అస్యూమ్ క్లీన్ (ఉన్నదంతా సరిగ్గానే ఉందనుకో) అని చెప్పకపోతే, ఎండీఅడ్మ్ చివరి డిస్క్‌ని ఖాళీదిగా లెక్కేసి మిగతా వాటి నుంచి లెక్కగట్టి దాని మీద రాస్తుంది. ఆ మిగతా వాటిలో ఒకటి పాతదైతే, ఆ డిస్క్ ఊడిన తర్వాత మారిన ప్రతిచోటా చివరి డిస్క్ మీద చెత్త పడుతుంది. ఆ భాగంలో నికరంగా మిగిలేవి రెండే డిస్క్‌లు, రెండింటితో రెయిడ్ 5 డేటా తిరిగి రాదు. అది చాలదన్నట్టు, మౌంట్ కాకపోయేసరికి, అంటే ఫైళ్ళు తెరుచుకోకపోయేసరికి, ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్‌ని ఎల్ ఆప్షన్‌తో కూడా నడిపినట్టున్నారు. అది లాగ్‌ని (ఇంకా పూర్తికాని మార్పుల చిట్టాని) చెరిపేసి, దారి దొరకని ఫైళ్ళని లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. మాకు పాత పెళ్ళిళ్ళు చాలావరకు అలాగే దొరికాయి, పేర్లు పోయి వట్టి నంబర్లతో. కొత్త పెళ్ళిళ్ళు మాత్రం పోయాయి. కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి వాడేశారు. తలంబ్రాల వీడియో ఏదండీ అని పెళ్ళివాళ్ళు అడుగుతుంటే బావ ఏం చెప్తాడు?

రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తే షాపాయన ముందు దబాయించాడు, తర్వాత సగం డబ్బులు వెనక్కిచ్చాడు. మిగతా సగం కోసం 1915 కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు పెట్టాం.

మీరు ఏ షాపుకి ఇచ్చినా ముందు ప్రతి డిస్క్ సీరియల్ నంబరు, ఏ స్లాట్‌లోదో, ఎగ్జామిన్ ప్రింట్ దగ్గర పెట్టుకోండి. "ముందు ఇమేజ్ (డిస్క్ పూర్తి కాపీ) తీస్తాం, పనంతా ఇమేజ్ మీదే, అసలు డిస్క్‌ల మీద రాయం" అన్న మాట రసీదు మీద రాయించుకోండి. ఇన్‌స్పెక్షన్ చార్జీ ఎంతో కూడా దాని మీదే ఉండాలి. రాయనంటే అక్కడినుంచి వచ్చేయండి. ఇప్పటికే డిస్క్‌లు ఎవరి దగ్గరైనా ఉంటే, తెచ్చుకోగానే మౌంట్ చేయకుండా, ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ రిపేర్ టూల్) జోలికి పోకుండా, మొట్టమొదట ఆ క్రియేషన్ టైమ్ చూడండి.