చేతిరంగుల ఫోటో పేరుతో మోసం: మీ ఇంటి ఒరిజినల్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి

పాత నలుపు తెలుపు ఫోటోలకు చేతితో రంగులు వేసి ఇస్తామని ప్రకటించుకునే ఒక ఆన్‌లైన్ విక్రేతకు మా తాతగారి, నాయనమ్మగారి ఫోటో పంపించాము. ఆ ఫోటో ఇక మాకు లేదు. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు గానీ, ఈ పని కోసం వెతికిన వారిలో చాలామంది ఆ పేజీని చూసే ఉంటారు. రంగు వేయకముందు ఒక బొమ్మ, వేసిన తరువాత ఒక బొమ్మ పక్కపక్కన పెట్టి, పెద్దలకు మళ్ళీ ప్రాణం పోస్తామని కింద రాసుకునే పేజీ అది. పార్సెల్ నిన్ననే చేరింది. ఈ రోజు కూడా ఎవరో ఒకరు తమ ఇంటి ఫోటోను కవరులో పెట్టి కొరియర్‌కు ఇస్తూ ఉండవచ్చు కనుక, కోపం చల్లారే వరకు ఆగకుండా రాస్తున్నాను.

ఆ ఫోటో 1958లో తెనాలిలోని ఒక స్టూడియోలో తీసినది. తాతగారు కుర్చీలో కూర్చుని ఉంటారు, నాయనమ్మగారు పక్కన నిలబడి ఉంటారు. పరిమాణం హాఫ్ ప్లేట్, అంటే నాలుగు ముప్పావు అంగుళాలకు ఆరున్నర అంగుళాలు. ఆ స్టూడియో మూతపడి చాలా కాలమైంది, నెగటివ్ ఏమైందో చెప్పగలిగినవారు లేరు. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క ప్రింటే. దాని వెనుక నాయనమ్మగారు పెన్సిల్‌తో తేదీ, ఇద్దరి పేర్లు రాసుకున్నారు. ఆమె చేతిరాత మా ఇంట్లో మరెక్కడా మిగలలేదు.

అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడు షరతులన్నీ రాతపూర్వకంగానే పెట్టాను. ఒరిజినల్‌ను కెమెరాతో కాపీ చేయాలి, ఆ కాపీ నెగటివ్ నుంచి ఫైబర్ బేస్ (ప్లాస్టిక్ పూత లేని) మ్యాట్ పేపర్ మీద కొత్త ప్రింట్ తీయాలి, దానిని సెపియా టోన్ చేసి, అంటే రసాయనాలతో గోధుమ రంగుకు మార్చి, దాని మీద పారదర్శకమైన ఫోటో ఆయిల్ రంగులు వేయాలి, ఒరిజినల్‌ను ఏమీ చేయకుండా తిరిగి పంపాలి. వారు అన్నిటికీ ఒప్పుకున్నారు. ధర 8,000 రూపాయలు, మొత్తం ముందుగానే చెల్లించాము.

ఇంత వివరంగా అడగడానికి కారణం మా నాన్నగారు. ఆయన రంగుల ల్యాబ్‌లు రాకముందు స్టూడియోలో కలరింగ్ పని చేసినవారు. ఇప్పుడు చెయ్యి వణుకుతున్నది కనుక తానే చేయలేకపోయారు గానీ, ఆ పని ఎలా జరగాలో ఆయనకు తెలిసినంతగా ఆ పేజీ నడిపేవారికి తెలియదని ఇప్పుడు రూఢి అయింది.

అసలు పని ఎలా ఉంటుందో తెలిస్తేనే మాకు జరిగినది ఎంత ఘోరమో అర్థమవుతుంది. చేతిరంగులకు తీసే ప్రింట్‌ను మామూలు ప్రింట్ కంటే కొంచెం లేతగా తీస్తారు. నీడలు మరీ నల్లగా పడితే పారదర్శకమైన రంగు వాటి మీద కనబడదు. కాగితం నునుపుగా, మెరుపుగా ఉంటే నూనె రంగు పట్టు దొరకక జారిపోతుంది, కనుక మ్యాట్ ఉపరితలం కావాలి. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ పేపర్ మీద కూడా పైన ప్రత్యేకమైన పూత వేయనిదే రంగు సరిగా నిలవదు. ప్రింట్‌ను హైపో, అంటే బొమ్మను స్థిరపరచే రసాయనం, పోయేదాకా బాగా కడగాలి, లేకపోతే ఎంత మంచి రంగు వేసినా కొన్నేళ్ళకు కింద ఉన్న బొమ్మే పసుపు పచ్చబడి పాలిపోతుంది. తరువాత టోనింగ్. పొటాషియం ఫెర్రిసయనైడ్, పొటాషియం బ్రోమైడ్ కలిపిన ద్రావణంలో బొమ్మ లేత పసుపు జాడగా మిగిలేంత వరకు ఉంచి, కడిగి, సోడియం సల్ఫైడ్‌లో వేస్తే గోధుమ రంగులో బొమ్మ తిరిగి వస్తుంది. కుళ్ళిన గుడ్ల వాసన భరించలేక టోనింగ్ రోజున స్టూడియో వెనుక తలుపు తీసి ఉంచేవారని నాన్నగారు చెబుతారు. ఆ శ్రమ అంతా ముఖం కోసమే. బూడిద రంగు నీడల మీద చర్మం రంగు వేస్తే మనిషి జబ్బుపడి లేచినట్టు కనిపిస్తాడు. గోధుమ రంగు నీడ అయితే చర్మంలో కలిసిపోతుంది.

ఆ తరువాత టర్పెంటైన్ కలిసిన ద్రావణాన్ని దూదితో ప్రింట్ మీద పలుచగా రాసి, తుడిచి, రంగు పట్టడానికి సిద్ధం చేస్తారు. ఫోటో ఆయిల్ రంగుల కోసం మార్షల్ కంపెనీ ట్యూబులను తెప్పించేవారు. ముందు వెనుక తెర, తరువాత బట్టలు, ఆ తరువాతే ముఖం. బియ్యపు గింజంత రంగు తీసుకుని, దూదితో గుండ్రంగా తిప్పుతూ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియనంత పలుచగా రుద్దుతారు. పెదవులకు, కనుకొలకులకు, చీర అంచుకు సన్నని పుల్లకు దూది చుట్టి వాడతారు. హద్దు దాటితే శుభ్రమైన దూదితో తుడిచేస్తే రంగు పోతుంది, కింద ప్రింట్ చెక్కు చెదరదు. నూనె రంగులను ఎంచుకోవడానికి పెద్ద కారణం అదే. నీటిలో కలిపే డై రంగులు కూడా ఉన్నాయి గానీ, అవి కాగితం మీద బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొరలోకి ఇంకిపోతాయి కనుక వాటిలో తప్పు దిద్దుకోవడం చాలా కష్టం. నగల మీద మాత్రమే కాస్త చిక్కని పసుపు చుక్కలు బ్రష్‌తో పెడతారు. ఇవన్నీ ఆరడానికి రోజులు పడుతుంది, అంతవరకు దుమ్ము తగలని చోట ఉంచాలి. కస్టమర్ ఇచ్చిన ఫోటో కవరు మీద "చీర ఆకుపచ్చ, అంచు కుంకుమ రంగు" అని రాసి ఉంటే అదే వేసేవారు. నేనూ ఆర్డర్‌లో అలాగే రాశాను, ఎందుకంటే ఆ చీరను నాన్నగారు చిన్నతనంలో చూశారు.

ఇక నిన్నటి సంగతి. పెట్టె తెరిస్తే అద్దం బిగించిన ఒకే ఒక ఫ్రేమ్ ఉన్నది. ఒరిజినల్ వేరే కవరులో ఉంటుందని పెట్టెలోని కాగితాలన్నీ విప్పి చూశాను, లేదు. ఫ్రేమ్ వెనుక పెట్టి ఉంటారనుకుని తిప్పాను, అక్కడ చెక్క పొడితో చేసిన గట్టి అట్ట ఉన్నది. మళ్ళీ ముందు వైపు తిప్పి బొమ్మను దగ్గరగా చూసినప్పుడు ఎడమవైపు కింది మూలన ఒక చిన్న గీత కనిపించింది. ఆ మూల ఎప్పుడో మడతపడి జెలటిన్ పగిలి తెల్లగా కనబడేది, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. కాపీ తీసి ఉంటే ఆ గీత కొత్త కాగితం మీద బొమ్మగా మాత్రమే పడుతుంది, నునుపుగా ఉంటుంది. అద్దం తీసి వేలు పెట్టి చూస్తే ఆ పగులు వేలికి తగిలింది. వారు రంగు వేసినది ఒరిజినల్ మీదనే.

వేసిన విధానం కూడా చెప్పాలి. పారదర్శకమైన రంగు అయితే కింద ఉన్న వెండి బొమ్మలోని వెలుగునీడలు అలాగే ఉండి, పైన రంగు మాత్రం చేరుతుంది. ఇక్కడ ముఖాలను చిక్కని రంగుతో మూసివేశారు. తాతగారి కళ్ళు ఇప్పుడు ఎవరో గీసిన కళ్ళు. నాయనమ్మగారి బేసరి కనబడదు, చీర గులాబీ రంగులో ఉన్నది. నాన్నగారు దూదిని టర్పెంటైన్‌లో ముంచి తెల్లని అంచు మీదికి పొర్లిన రంగును తాకి చూశారు, దూదికి ఏమీ అంటలేదు. తడి దూదితో తాకినా అంటలేదు. అంచున రంగు సన్నని ప్లాస్టిక్ పొరలా లేచి ఉన్నది. అది చిత్రలేఖన సామగ్రి దుకాణంలో దొరికే ఆక్రిలిక్ రంగు అని ఆయన తేల్చారు. ఆరిన ఆక్రిలిక్ నీటికి, టర్పెంటైన్‌కు లొంగదు. లొంగదీసే ద్రావకాలు వాడినా, గీకినా కింది జెలటిన్‌కే ముప్పు, ఎందుకంటే బొమ్మ ఉన్నది ఆ పొరలోనే. ప్రింట్‌ను ఆ అట్టకు ఘాటైన వాసన వేసే జిగురుతో పూర్తిగా అతికించారు. ఆ జిగురు కింద నాయనమ్మగారి అక్షరాలు ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేశాను. ఆ సంభాషణ ఇంకా నా చెవుల్లోనే ఉన్నది.

"ఒరిజినల్ మీద వేస్తేనే ఫినిషింగ్ వస్తుంది మేడమ్. కాపీ మీద వేస్తే ఆ లుక్ రాదు."

కాపీ మీదనే వేయాలని నేను రాశానని, మీరు సరేనన్నారని, ఆ సందేశం ఇప్పుడే పంపుతానని చెప్పాను.

"అది మా వర్కర్ చూసుకోలేదు. అయినా పాత ఫోటో ఎలాగూ పాడైపోతున్నదే కదా. మేము దానికి ప్రాణం పోశాము."

వెనుక మా నాయనమ్మ చేతిరాత ఉన్నదని చెప్పాను.

"వెనక వైపు ఎవరు చూస్తారు మేడమ్?"

ఫోటో పాడైనందుకు ఏడుపు వచ్చింది. కానీ ఈ మాటకు నోట మాట రాలేదు. ఎదుటివారి ఇంట్లో ఏది విలువైనదో నిర్ణయించే అధికారం తమదేనని అనుకునే మనిషి చేతికి ఆ ఫోటో వెళ్ళింది. డబ్బు తిరిగి ఇవ్వమంటే, కస్టమర్ కోసం ప్రత్యేకంగా చేసిన పనికి రీఫండ్ ఉండదన్నారు. కావాలంటే సగం ధరకు మరొకటి చేసి ఇస్తామన్నారు. దేని నుంచి చేస్తారని అడిగితే సమాధానం లేదు. సాయంత్రానికి నా నంబరును బ్లాక్ చేశారు.

ఫోన్‌లో ఆ విక్రేత మరొక మాట కూడా అన్నాడు. రాజుల కాలంలో ఫోటోల మీదనే నేరుగా రంగులు వేసేవారట, తాను చేసినది ఆ సంప్రదాయమేనట. ఇతరులకు కూడా ఇదే చెప్పి నమ్మించగలడు కనుక దీనికి జవాబు చెప్పడం అవసరం. ఫోటో మీద రంగు వేసే అలవాటు ఫోటోగ్రఫీ అంత పాతదన్న మాట నిజమే. స్విట్జర్లాండ్‌కు చెందిన ఐసెన్‌రింగ్ అనే చిత్రకారుడు 1840ల తొలినాళ్ళలోనే డాగెరోటైపుల మీద, అంటే వెండి పూత వేసిన రాగి పలకల మీద తీసిన తొలినాటి ఫోటోల మీద, బంక కలిపిన రంగుపొడి అద్దాడు. 1860ల నుంచి జపాన్‌లోని యొకొహామాలో బియాటో స్టూడియో ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం) ప్రింట్లకు నీటి రంగులు వేయించి అమ్మింది. మన దేశంలో సూక్ష్మచిత్రాలు గీసిన కుటుంబాల చిత్రకారులే సంస్థానాల ఫోటోల మీద పని చేశారు, కొన్నింటిలో కింద ఫోటో ఉన్నదని కూడా తెలియనంత చిక్కగా రంగులు వేశారు. ఆ పని గొప్పదే, దానిని నేను తక్కువ చేయడం లేదు. కానీ యొకొహామాలోనైనా, మన స్టూడియోలలోనైనా రంగు పడినది నెగటివ్ నుంచి తీసిన ప్రింట్ మీద. గాజు పలక మీది నెగటివ్ స్టూడియోలో భద్రంగా ఉండేది, ఒక ప్రింట్ చెడితే మరొకటి తీసేవారు. నాన్నగారి కాలంలోనూ అంతే. కస్టమర్ తెచ్చిన పాత ఫోటోను రెండు వైపుల నుంచి దీపాలు పెట్టి, అద్దం మెరుపు పడకుండా కాపీ చేసి, ఆ పాత ఫోటోను అదే రోజు కవరులో పెట్టి బీరువాలో ఉంచేవారు. డెలివరీ రోజు వరకు దానిని ఎవరూ ముట్టుకునేవారు కాదు. కస్టమర్ ఇంట్లో మిగిలిన, నెగటివ్ లేని ఏకైక ప్రింట్ మీద బ్రష్ పెట్టడం ఆ స్టూడియోల సంప్రదాయం కాదు.

డిజిటల్ కాపీ తీసి, మంచి నూలు కాగితం మీద మ్యాట్ ప్రింట్ చేసి, దాని మీద రంగు పెన్సిళ్ళతో, పాస్టెల్‌తో పని చేసే నిజాయితీ గల కళాకారులు ఈ రోజు ఉన్నారు. నెగటివ్ నుంచి ప్రింట్ తీసే చీకటి గది, అంటే డార్క్‌రూమ్, లేదని ముందే చెబితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. డార్క్‌రూమ్ ప్రింట్ అని డబ్బు తీసుకుని, ఆ ప్రింటే తీయకుండా, ఇంటివారి ఫోటోనే కాగితంగా వాడుకోవడం మోసం. కాగితం ఖర్చు, టోనింగ్ రసాయనాలు, కడగడానికి పట్టే సమయం, అన్నీ మిగుల్చుకున్నారు.

ఈ పని చేయించుకోవాలనుకునేవారు ఒరిజినల్‌ను ఇల్లు దాటించకండి. ముందు, వెనుక రెండు వైపులా ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేయించి ఆ ఫైలు మాత్రమే పంపండి. మేము వెనుక వైపు స్కాన్ తీయలేదు, ముందు వైపు ఫోన్‌తో తీసిన బొమ్మ ఒకటి మాత్రమే మిగిలింది. రంగు వేయని రెండవ ప్రింట్ ఒకటి కూడా ఇవ్వాలని ఆర్డర్‌లోనే రాయించుకోండి, ప్రింట్ తీసేవారికి అది కష్టం కాదు, తీయనివారు అక్కడే తప్పుకుంటారు. ఏ కాగితం, ఏ రంగు వాడతారో కంపెనీ పేరుతో అడగండి. అందిన తరువాత భూతద్దంతో చూస్తే ఇంక్‌జెట్ ప్రింట్‌లో సన్నని రంగు చుక్కలు కనిపిస్తాయి, డార్క్‌రూమ్ ప్రింట్‌లో అలాంటి చుక్కలు ఉండవు. ఏ ప్రింట్‌నైనా అట్టకు జిగురుతో అతికించనివ్వకండి, నాలుగు మూలలకు కాగితపు కార్నర్లు పెట్టి ఆమ్లం లేని మౌంట్‌లో ఉంచమనండి.

ఇప్పటికే మాలాగా నష్టపోయినవారు ఆ రంగును గానీ జిగురును గానీ ఇంట్లో తీయడానికి ప్రయత్నించవద్దు. ఫోటోలు, కాగితాల సంరక్షణ తెలిసిన నిపుణుడికి చూపించేంత వరకు పొడిగా, బల్లపరుపుగా ఉంచండి. మేమూ అదే చేస్తున్నాము, ఆ అట్ట నుంచి వెనుక అక్షరాలైనా బయటపడతాయేమోనని. ఆర్డర్ సందేశాలు, చెల్లింపు రసీదు, పార్సెల్ తెరిచిన ఫోటోలు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే దానికి ఫీజు లేదు. మా ఫిర్యాదు ఈ ఉదయం నమోదైంది. అదే పేజీ వల్ల నష్టపోయినవారు ఎవరైనా ఉంటే మీ ఆర్డర్ వివరాలతో మీరూ విడిగా ఫిర్యాదు చేయండి.