కర్నూలు ఎండకు నూలా, పాలిస్టరా?

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే మా నడక తెల్లవారకముందే, తుంగభద్ర ఒడ్డున. అక్కడ తరచూ వినిపించే మాట: "ఎండాకాలం కదా అన్నా, నూలు బట్టే వేసుకోండి."

నడకకు ఆ మాట నిజమే. నూలు చెమటను పీల్చుకుంటుంది. మన పొడి గాలికి ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. వదులైన పాత నూలు చొక్కాలో ఉన్న హాయి పాలిస్టర్‌లో లేదు. పైగా పాలిస్టర్‌కు చెమట వాసన త్వరగా పడుతుంది, ఉతికినా ఒక పట్టాన వదలదు.

పరుగు మొదలుపెడితే లెక్క మారుతుంది. అరగంటకే నూలు బనియను నీళ్లలో ముంచి తీసినట్టు బరువెక్కి వీపుకు అతుక్కుంటుంది. చంకల్లో ఒరుసుకుని ఒకటే మంట. పాలిస్టర్ దారం తన బరువులో ఒక శాతం తేమ కూడా పీల్చదు. చెమట బట్ట మీద పరుచుకుని త్వరగా ఆరిపోతుంది. వానాకాలపు ఉక్కలోనూ నా ఓటు దీనికే.

డిసెంబరు తెల్లవారుజామున తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పరుగు ఆపి టీ కొట్టు దగ్గర నిలబడగానే తడిసిన నూలు బట్ట వీపుకు చల్లగా తగిలి వణుకు పుట్టిస్తుంది. ఆ రోజుల్లో లోపల పలుచని పాలిస్టర్ బనియను, పైన ముందు జిప్పున్న చొక్కా వేసుకుంటాను. ఒళ్లు వేడెక్కగానే జిప్పు సగం దించితే చాలు. ఇల్లు దాటేటప్పుడు కాస్త చలి వేయాలి; గడపలోనే వెచ్చగా ఉంటే పది నిమిషాలకే చెమట కారుతుంది.

పొద్దెక్కాక కూడా బయట ఉండేవాళ్లు ఏ బట్టలోనైనా నలుపు మానేసి లేత రంగే తీసుకోండి.