పిల్లలున్న ఇంటికి ఏ కోడి? మా పెరట్లో ఏడేళ్ల అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సోంపేటకి దగ్గర్లో ఎకరం పైచిలుకు తోట, కొబ్బరి, జీడి, మూడు పనసచెట్లు, మధ్యలో ఇల్లు. 2018 వేసవిలో కోళ్లు మొదలెట్టాం. వ్యాపారానికి కాదు, మా గుంటలిద్దరూ ఫోను వదిలి కాస్త పెరట్లోకి వస్తారని, పనిలో పనిగా ఇంటికి గుడ్లు వస్తాయని. ఈ ఏడేళ్లలో నాటుకోడి, వనరాజా, గ్రామప్రియ, కడక్‌నాథ్, అసిల్ (పందేల కోడి) అన్నీ మా పెరట్లో తిరిగాయి. చుట్టాల్లో ఎవరు అడిగినా ఫోన్లో అరగంట చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒక్కసారే రాసేస్తున్నా.

ముందుగా, రంగు కోడిపిల్లల్ని కొనకండి. గులాబీ, పచ్చ, నీలం రంగులు పూసి బుట్టలో వేసుకుని బడి ముందు అమ్ముతారే, అవి. చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని తీసేసిన మగపిల్లలే. మేము ఎనిమిది కొంటే వారంలో ఆరు పోయాయి, మా చిన్నది ఒక్కోదానికీ కొబ్బరిచెట్టు కింద గొయ్యి తీసి నందివర్ధనం పూలు పెట్టింది. ఆరోదానికి పూలు దొరక్క ఏడ్చింది. మిగిలిన రెండూ రంగు ఊడిపోయి బక్క తెల్లపుంజులయ్యాయి.

ఒళ్లో కూర్చునే కోడి కావాలంటే వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది, ఈకలు రంగురంగులుగా ఉంటాయి, చూడ్డానికి నాటుకోడిలాగే కనిపిస్తుంది గానీ ఒళ్లు మాత్రం దాదాపు రెట్టింపు. మా బుల్లెమ్మ (కోడి పేరే) మా అమ్మాయి బడి నుంచి వచ్చి మెట్టు మీద కూర్చోగానే వచ్చి కాళ్ల మధ్య దూరి కళ్లు మూసుకునేది, ఎత్తుకుంటే కాలు కూడా ఆడించేది కాదు. కానీ ఈ నెమ్మదే దానికి శత్రువు. పరిగెత్తలేదు, ఎగరలేదు, ముంగిస వస్తే నిలబడి చూస్తుంది. మేము రెండింటిని అలాగే పోగొట్టుకున్నాం. ఇంకోటి, తిండికి అంతు ఉండదు. పిల్లలు ప్రేమ కొద్దీ పళ్లెంలో మిగిలిన అన్నమంతా పెట్టేసేవాళ్లు, అది బాగా కొవ్వెక్కి గుడ్లు తగ్గించేసింది, పైగా ఎత్తయిన దండెం మీంచి దూకి దూకి అరికాలి కింద గట్టి గడ్డ కట్టింది. దండెం నేలకి అడుగున్నర ఎత్తుకి దించి, కింద ఊక పోసి, అన్నం మానిపించి చోళ్లు (రాగులు), తవుడు, ఆకుకూర మీదకి మార్చాకే కుంటడం తగ్గింది. గుడ్లు మా ఇంట్లో నెలకి ఎనిమిదో పదో.

గుడ్ల కోసమైతే గ్రామప్రియ. అదీ ఆ సంస్థదే. ఒళ్లు తేలిక కాబట్టి కుక్క తరిమినా తప్పించుకుంటుంది. మా వాటిలో బాగా పెట్టేది మొదటి ఏడాది నెలకి పదిహేను దాకా పెట్టింది, గోధుమ రంగు గుడ్డు. అలాగని ఏళ్ల తరబడి అదే లెక్క వేసుకోకండి, మూడో ఏటికి బాగా తగ్గిపోయింది. ఒకసారి వరసగా తోలుగుడ్లు పెట్టింది, పట్టుకుంటే మెత్తగా నీళ్ల సంచిలా ఉండేవి. మాకు సముద్రం దగ్గరే కదా, గవ్వలూ ఆల్చిప్పలూ తెచ్చి దంచి ఒక మూకుట్లో వేరేగా పెట్టాం, కొన్నాళ్లకి సర్దుకుంది. స్వభావానికి ఇది కుక్కపిల్ల లాంటిది, వెనకాలే తిరుగుతుంది. ప్రేమా అంటే కాదు, మన చేతిలో చేట ఉందేమోనని.

ఇప్పుడు నాటుపెట్ట సంగతి. దాని గురించి చెప్పాలంటే తిత్లీ తుపాను రాత్రి సంగతి చెప్పాలి.

2018 అక్టోబరు 10 రాత్రి మా వైపు గాలి మొదలైంది. అంతకు నాలుగు రోజుల ముందే పన్నెండు గ్రామప్రియ పిల్లల్ని తెచ్చి అట్టపెట్టెలో బల్బు కింద పెట్టాం. పెద్ద కోళ్లన్నింటినీ వంటింట్లోకి తెచ్చి గంపల కింద మూశాం. కరెంటు పోయింది. కాసేపటికి పెట్టెలో పిల్లలన్నీ ఓ మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుకీచుమని అరవడం. సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెడితే గంటలో చల్లారిపోయింది, ఆ గాలికి మళ్లీ పొయ్యి వెలిగించే ధైర్యం లేదు. నాకు ఒకటే టెన్షన్. మా అత్త మాత్రం మూలన పొదుగు మీద ఉన్న నాటుపెట్ట వైపు చూసి, "బల్బు పోతే ఏటయ్యింది, పెట్ట ఉంది కాదేటి" అంది. టార్చి మీద తువ్వాలు కప్పి నన్ను పట్టుకోమంది. పెట్ట పొట్ట కిందకి చెయ్యి పోనిచ్చి ఒక గుడ్డు తీయడం, ఆ ఖాళీలోకి ఒక పిల్లని తొయ్యడం, మళ్లీ ఒక గుడ్డు, మళ్లీ ఒక పిల్ల. నాలుగో పిల్ల దగ్గర పెట్ట గుర్రుమని దాని నెత్తి మీద ఒక్క పోటు పొడిచింది. ఇంక అయిపోయింది, అన్నింటినీ చంపేస్తుంది అనుకున్నా. అత్త చెయ్యి తీయలేదు, అలాగే ఉంచింది. కాసేపటికి పెట్ట రెక్క కొంచెం ఎత్తింది, ఆ పిల్ల కిందకి దూరిపోయింది, అరుపులు ఆగిపోయాయి. పన్నెండూ పట్టాయి.

తెల్లారేసరికి తోటలో సగం కొబ్బరిచెట్లు నేల మీదున్నాయి, కోళ్ల గూటి రేకులు ఎక్కడో చెరువుగట్టున దొరికాయి. కరెంటు కోసం ఎన్నాళ్లు చూశామో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పన్నెండు పిల్లల్లో పదకొండు బతికాయి. పెట్ట కింద ఉన్న గుడ్లు మాత్రం పాడయ్యాయి, పాపం అవి దాని సొంత గుడ్లు.

అసలు తేడా తర్వాత తెలిసింది. బల్బు కింద పెరిగిన పిల్లలకి గద్ద అంటే తెలీదు, నీడ మీద పడినా గింజలు ఏరుకుంటూ ఉంటాయి. పెట్ట పెంచినవి అలా కాదు, తల్లి గొంతులోంచి ఒక్క సన్నని కూత రాగానే ఎక్కడివక్కడ జీడి ఆకుల కింద అణిగిపోతాయి. చెదపుట్ట తవ్వుకోవడం, సందె వేళకి గూటికి చేరడం, ఇవన్నీ మనం నేర్పలేం. అందుకే ఇప్పుడు ఏ జాతి పిల్లల్ని తెచ్చినా నాటుపెట్ట పొదుగుకొచ్చిన సమయం చూసుకుని తెస్తాం, రాత్రిపూటే కింద పెడతాం. ఒకటి రెండు రోజుల పిల్లలైతేనే సులువు, వయసు పెరిగిన కొద్దీ తల్లీ ఒప్పుకోదు, పిల్లలూ చేరవు. వనరాజా, గ్రామప్రియ పొదుగుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ గుడ్లని నాటుపెట్ట కింద పొదిగిస్తే 21 రోజులకి పిల్లలు వస్తాయి, కానీ అవి తల్లిలా రావు. రెండు వరసలు కలిపి తీసిన రకాలు కాబట్టి తర్వాతి తరానికి ఆ గుణం పలచబడిపోతుంది. మేము పొదిగించిన వాటిలో గుడ్ల లెక్క బాగా పడిపోయింది.

నాటుపెట్టలో లోపం ఒక్కటే, ముట్టుకోనివ్వదు. పిల్లలతో ఉన్నప్పుడైతే మా ఆయన్నే వీధి గుమ్మం దాకా తరిమింది.

కడక్‌నాథ్ జోరు మీదున్న రోజుల్లో మేమూ ఆరు కొన్నాం. మధ్యప్రదేశ్ ఝాబువా వైపుది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తోలు, మాంసం నలుపు. గుడ్డు మాత్రం నలుపు కాదు, లేత గోధుమ రంగే, మా అబ్బాయి నల్లగుడ్డు పట్టుకెళ్లి క్లాసులో చూపిస్తానని అందరికీ చెప్పేసి నామోషీ పడ్డాడు. చూడముచ్చటగా ఉంటాయి, ఎండలో ఈకలు పచ్చగా మెరుస్తాయి, కానీ బెదురు ఎక్కువ. గూట్లోకి రాకుండా పనసచెట్టెక్కి పడుకునేవి, చీకట్లో కనపడవు కూడా. అడవిపిల్లో బావురుపిల్లో తెలీదు, ఒక్కొక్కటీ తగ్గిపోయాయి. పెంపుడు కోడిగా నాకు నచ్చలేదు, అంత ధర పెట్టక్కర్లేదు.

అసిల్ వద్దు. పెట్ట వరకు ఫర్వాలేదు, మంచి తల్లి. మా మరిది వరసాయన ముచ్చటపడి ఒక డేగ పుంజుని ఇచ్చాడు. కాకి, డేగ, నెమలి, సేతువ అని రంగుల పేర్లు నేర్చుకుని గుంటలు మురిసిపోయారు. ఏడాది నిండేసరికి అది మనుషులతో కూడా పందెం మొదలెట్టింది. మా అమ్మాయి వంగి గుడ్డు తీస్తుంటే వెనకనుంచి ఎగిరి కాలి ముల్లుతో కొట్టింది, కంటికి రెండు వేళ్ల కింద గీరుకుపోయింది. ఆ సాయంత్రమే వెనక్కి పంపేశాం. ఏ జాతి పుంజైనా చిన్నపిల్లలున్న ఇంట్లో కూతకొచ్చాక ఓ కన్నేసి ఉంచాలి. గుడ్లకి పుంజుతో పనే లేదు, పిల్లల్ని తీయాలంటేనే పుంజు కావాలి.

ఏ జాతి తెచ్చినా టీకా మానకండి. 2021లో బద్ధకించాం, కొక్కెర తెగులు వచ్చి పద్నాలుగింటిలో తొమ్మిది వారంలో పోయాయి, ఆకుపచ్చగా పారడం, మెడ వెనక్కి తిరిగిపోవడం, ఆ వారం మా గుంటల్ని పెరట్లోకి వెళ్లనివ్వలేదు. ఇప్పుడు ఆ తెగులుకి అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లాసోటా టీకా కంట్లో చుక్క, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా సూది. చిక్కేమిటంటే మందు సీసా చిన్నదంటే వంద డోసులు, మన కోళ్లు పదో పన్నెండో. కలిపాక నిలవ ఉండదు, ఐసులో పెట్టుకుని గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. అందుకని ముందురోజే వీధిలో చెప్పేస్తాం, పొద్దున్నే అందరూ గంపలతో వచ్చేస్తారు, మా అరుగు మీద చిన్న ఆసుపత్రే. ఒక్క ఇంటి కోళ్లకే వేసుకుంటే ఫలితం కూడా అంతంతే, పక్కింటి నుంచి తెగులు నడిచి వస్తుంది.

కూర సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పేరు పెట్టిన కోడిని కొయ్యకూడదని ఇంట్లో రూలు పెట్టుకున్నాం. రెండు నెలల తర్వాత చూస్తే మా చిన్నది గూటి తలుపు లోపల సుద్దముక్కతో అన్నింటికీ పేర్లు రాసేసింది. మా ఆయన ఇప్పుడు కూరకి బజారు నుంచి తెస్తున్నాడు.

ప్రస్తుతం మా దగ్గర నాటుపెట్టలు మూడు, గ్రామప్రియలు ఆరు, వనరాజా పెట్టలు రెండు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే ముందు రెండు నాటుపెట్టలతో మొదలెట్టండి, అందులో ఒకటి పొదుగుకొచ్చాక టీకా వేసిన ఒకరోజు పిల్లల్ని తెచ్చుకోండి. వంద కంటే తక్కువైతే ఇవ్వం అని కొందరు హేచరీవాళ్లు అంటారు, నలుగురు కలిసి తెచ్చి పంచుకుంటే సరిపోతుంది. బుల్లెమ్మకి ఆరో ఏడు. గుడ్డు పెట్టి ఏడాది దాటింది, అయినా రోజూ పొద్దున్నే గూట్లోకెళ్లి ఓ అరగంట కూర్చుని బయటికొచ్చి అరుస్తుంది, మా అత్త లేచి వెళ్లి చూసి వస్తుంది.