20 అడుగుల వాటర్ ఫెడ్ పోల్ కిట్: కొనేముందు మీ నీళ్ల టీడీఎస్ చూసుకోండి

కిటికీల క్లీనింగ్ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు దుకాణాలవాళ్లు ముందుగా చూపించేది ఈ వాటర్ ఫెడ్ పోల్ స్టార్టర్ కిట్‌నే, అంటే కొసన ఉన్న బ్రష్ దాకా నీళ్లు పంపే పొడవాటి గెడ. నాలుగు ముక్కలుగా సాగే 20 అడుగుల గ్లాస్ ఫైబర్ పోల్, కొసన పది అంగుళాల నైలాన్ బ్రష్, దానికి రెండు నీటి జెట్లు, పోల్ లోపలి నుంచి పోయే సన్నటి పైపు, నీళ్లలోని లవణాలను పట్టేసుకునే రెసిన్ గింజలు ఏడు లీటర్లు పట్టే డీఐ (డీఅయనైజేషన్) సిలిండర్, నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) ఎంత ఉన్నాయో చూపే మీటర్. కొందరు గట్టర్లు (కప్పు అంచున వాన నీళ్లు పోయే కాలువలు) గోకడానికి వంపు తిరిగిన కొక్కెం కూడా కలిపి ఇస్తారు. ఏ కంపెనీది తీసుకున్నా ఈ తరగతిలో అమరిక దాదాపు ఇదే. అందుకే ఒక్క బ్రాండు పేరు పెట్టకుండా మొత్తం తరగతి గురించి రాస్తున్నాను.

కిట్ పనిచేసే తీరు తేలిక. కడిగిన అద్దం ఆరాక కనిపించే తెల్ల చుక్కలు నీళ్లలోని లవణాలు. రెసిన్ గుండా పోయిన నీళ్లలో అవి ఉండవు కాబట్టి బ్రష్‌తో రుద్ది, కడిగి, తడి అద్దాన్ని అలాగే వదిలేయవచ్చు. వైపర్ లాగక్కర్లేదు, నిచ్చెన ఎక్కక్కర్లేదు. బ్రష్ దగ్గర టీడీఎస్ లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, సున్నా వస్తే మరీ మంచిది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనిచోట 2000. అంటే తాగడానికి దివ్యంగా ఉన్న నీళ్లు కూడా అద్దానికి పనికిరావు. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మన దగ్గర కిట్ గెలిచేదీ ఓడేదీ ఇక్కడే.

లెక్క వేసి చూడండి. ఈ సిలిండర్లలో వాడే మిక్స్‌డ్ బెడ్ రెసిన్ లీటరుకు సుమారు 25 గ్రాముల లవణాలు పట్టుకుంటుంది. ఏడు లీటర్ల సిలిండర్ అంటే 175 గ్రాములు. హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లు 600 నుంచి 1000 దాకా చూపించడం మామూలే. 800 అనుకుంటే ఆ సిలిండర్ 220 లీటర్లకే చేతులెత్తేస్తుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే 20 కిటికీల ఇంటికి 80 లీటర్ల దాకా పడతాయి. అంటే మూడో ఇల్లు పూర్తికాకముందే రెసిన్ మార్చాలి. లీటరు రెసిన్‌కు 400 రూపాయలు పెట్టారనుకోండి, ఒక్క ఇంటికి రెసిన్ ఖర్చే వెయ్యి దాటుతుంది. కొత్తగా పని మొదలుపెట్టినవాడు కిటికీకి ఎంత అడగగలడు? లాభం మొత్తం సిలిండర్‌లోనే పోతుంది.

దీనికి మందు ఆర్ఓ, అంటే నీళ్లను సన్నటి పొర (మెంబ్రేన్) గుండా నెట్టి లవణాలను వడకట్టే ఫిల్టర్. రెసిన్‌కు ముందు ఆర్ఓ పెడితే 800 ఉన్న నీళ్లు 40 దగ్గరికి దిగుతాయి. అదే ఏడు లీటర్ల రెసిన్ అప్పుడు 4,300 లీటర్లకు పైగా ఇస్తుంది, ఇంటికయ్యే ఖర్చు 50 రూపాయల దగ్గర ఆగుతుంది. ఇళ్లలో ఉండే 75 జీపీడీ (రోజుకు 75 గాలన్ల) మెంబ్రేన్ గంటకు 12 లీటర్లు ఇస్తుంది కాబట్టి రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి డ్రమ్ములో 120 లీటర్లు ఉంటాయి. రోజుకు ఒక ఇంటికి సరిపోతుంది. అయితే ఇంటి ప్యూరిఫయర్లలో రుచి కోసం పెట్టే టీడీఎస్ కంట్రోలర్, మినరల్ కార్ట్రిడ్జ్ రెండూ శుద్ధి చేసిన నీళ్లలో మళ్లీ లవణాలు కలుపుతాయి. వాటిని తప్పించి, మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టాన్ని నేరుగా డ్రమ్ములోకి పెట్టాలి. పక్క గొట్టం నుంచి పోయే వేస్టు నీళ్లను వాకిలి కడగడానికి, గ్రిల్స్ మీద మొదటి దుమ్ము వదిలించడానికి వాడుకోవచ్చు.

కిట్‌తో వచ్చే మీటర్ చవకదైనా ఈ పనికి చాలు. చూడాల్సిన చోట్లు మాత్రం రెండు: సిలిండర్ బయటికి వచ్చేచోట ఒకసారి, బ్రష్ జెట్ కింద ఇంకోసారి. సిలిండర్ దగ్గర సున్నా, బ్రష్ దగ్గర 15 వస్తే పైపు లోపల పాత నీళ్లో మురికో ఉన్నట్టు, రెసిన్ తప్పు కాదు. నాలుగైదు లీటర్లు వదిలేసి మళ్లీ చూడండి. రెసిన్ అయిపోవచ్చినప్పుడు అంకె మెల్లగా పెరగదు. చాలాసేపు 0, 1 చూపించి ఉన్నట్టుండి పైకి పోతుంది. అప్పుడు నీళ్లలో చేపల వాసన కూడా తెలుస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఆ ఇంటికి పని అక్కడితో ఆపాలి, ఇంకో రెండు కిటికీలు లాగిద్దామనుకోవద్దు. సిలిండర్‌ను మే నెల ఎండలో ఆటోలోనో కారు డిక్కీలోనో వదలొద్దు. 60 డిగ్రీలు దాటితే రెసిన్ పాడవుతుంది, ఎండిపోయినా పాడవుతుంది.

ఇక ప్రెషర్. కిట్ పెట్టె మీద కొళాయికి తగిలించిన బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలోని దేశాల్లో వీధి పైపులోనే ప్రెషర్ ఉంటుంది. మనకు వచ్చేది మేడమీద ట్యాంకు నుంచి. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్. జీ ప్లస్ వన్ ఇంట్లో ట్యాంకు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, పై అంతస్తు కిటికీ పైఅంచు ఆరు మీటర్ల దగ్గర ఉంటుంది. కింద కొళాయికి పైపు తగిలించినా బ్రష్ దగ్గర మిగిలేది రెండున్నర మీటర్ల ఎత్తు, అంటే పావు బార్. రెసిన్, సన్నపైపు దాటేసరికి జెట్లలోంచి చుక్కలే రాలతాయి. కాబట్టి 12 వోల్టుల డయాఫ్రం పంపు, బ్యాటరీ తప్పనిసరి, అవి కిట్‌లో ఉండవు. నిమిషానికి నాలుగైదు లీటర్ల పంపు చాలు. 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీతో రెండు గంటలకు పైగా నడుస్తుంది. పొలంలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండేదీ ఇదే రకం పంపు కాబట్టి విడిభాగాలు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. అంతమాత్రాన వాడేసిన స్ప్రేయర్ ట్యాంకును మాత్రం తేవద్దు. ఎంత కడిగినా పురుగుమందు అవశేషం ఉంటుంది, ఆ నీళ్లు పైనుంచి మీ ముఖం మీదే పడతాయి. డీఐ సిలిండర్ మీద గరిష్ఠ పీడనం రాసి ఉంటుంది, పంపు స్విచ్ అంతకన్నా తక్కువలో కట్ అయ్యేలా పెట్టుకోండి. లేకపోతే జెట్లు మూసుకున్న రోజు సిలిండర్ మూత దగ్గర పగులుతుంది.

పోల్ విషయంలో పెద్ద ఫిర్యాదులు లేవు. 20 అడుగులతో జీ ప్లస్ వన్ హాయిగా అందుతుంది, రెండో అంతస్తు అందదు. పూర్తిగా సాగదీస్తే గ్లాస్ ఫైబర్ ఊగుతుంది, అద్దం మీద బ్రష్ ఒత్తిడి తగ్గుతుంది. కార్బన్ ఫైబర్ తేలిక, బిగువు కూడా ఎక్కువే, ధర మాత్రం అందనంత. మొదటి ఏడాదికి గ్లాస్ ఫైబరే నా సలహా. దీనిలో ముందు అరిగేది క్లాంపు. దుమ్ము చేరిన ముక్కను లోపలికి తోస్తే ఇసుక రేణువు గీసుకుంటూ పోతుంది, కొన్నాళ్లకు క్లాంపు పట్టు వదిలి పైముక్క సర్రున కిందికి దిగుతుంది. అందుకే మూసే ముందు ప్రతి ముక్కనూ తడిగుడ్డతో తుడవాలి. లివర్ క్లాంపుకు ఉండే చిన్న స్క్రూను అప్పుడప్పుడూ పావు చుట్టు బిగిస్తే చాలు, అంతకుమించి బిగిస్తే గొట్టం చిట్లుతుంది. సాగదీసేటప్పుడు పైముక్క నుంచి మొదలుపెట్టి చేతి దగ్గరి ముక్కతో ముగించండి. మూసేటప్పుడు దీనికి తలకిందులు.

కడిగే వరుస తప్పితే ఎంత శుద్ధమైన నీళ్లయినా మరకలు మిగులుతాయి. ముందు పై ఫ్రేమ్, అద్దం చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ రుద్దాలి. దుమ్ము దాక్కునేది అక్కడే. ఆ తర్వాత అద్దం పైనుంచి కిందికి, పక్క ఫ్రేములు, చివర కిటికీ కింది గట్టు. అప్పుడు మళ్లీ అద్దం మీదికి వచ్చి పైఅంచు నుంచి పది పదిహేను సెకన్లు నీళ్లు మాత్రమే పారించాలి. నీళ్లు పొరలా జారితే బ్రష్ అద్దానికి ఆనించే కడగవచ్చు. ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే బ్రష్‌ను అంగుళం ఎడంగా పట్టి ఇంకాస్త ఎక్కువ నీళ్లు పారించాలి. కడిగేశాక పై ఫ్రేమ్‌ను మళ్లీ తాకవద్దు, ఒక్క మురికి చుక్క గీతలా దిగినా పని మొదటికి వస్తుంది. ఏళ్ల తరబడి ముట్టని కిటికీలకు మొదటిసారి కొంత గీత పడటం మామూలే, ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పండి. ఎండ నేరుగా కొట్టే వైపు ఉదయమే ముగించాలి. రుద్దిన మురికి కడిగేలోపే ఎండి అతుక్కుపోతుంది.

ఈ కిట్ చేతకాని పనులూ ఉన్నాయి. మన ఇళ్లలో సగానికి సగం కిటికీలకు బయట ఇనుప గ్రిల్ ఉంటుంది. నాలుగైదు అంగుళాల సందులోంచి పది అంగుళాల బ్రష్ దూరదు. అలాంటిచోట ఇంకా ఆరు అంగుళాల వైపరే దిక్కు. దోమతెర ఫ్రేమ్ ఊడదీయనిదే దాని వెనక అద్దం శుభ్రం కాదు. సిమెంటు చుక్కలు, పెయింటు, ఏళ్లనాటి బోరు నీళ్ల ఉప్పు మరకలు కూడా నీళ్లతో పోవు. ఉప్పు మరకకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పట్టించి కాసేపు తడిగా ఉంచి రుద్దాలి. హైడ్రోఫ్లోరిక్ కలిసిన ‘స్టెయిన్ రిమూవర్’ల జోలికి పోవద్దు, అది అద్దాన్నే కాదు, చర్మం కింది ఎముకను కూడా తింటుంది. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) మీద బ్లేడు పెట్టడం కూడా ప్రమాదమే, అంటుకున్న గాజు రేణువులు బ్లేడు కింద జరిగి పొడవాటి గీతలు పడతాయి.

గట్టర్ కొక్కెం గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే, దాని కోసం అదనంగా పైసా ఇవ్వొద్దు. ఎండు ఆకుల వరకు లాగుతుంది. కానీ ఫిబ్రవరి, మార్చిలో రాలిన వేపాకు దుమ్ముతో, పావురాల రెట్టతో కలిసి మేనాటికి గట్టర్‌లో పిడకలా గట్టిపడుతుంది. దాన్ని కదిలించబోతే పోల్ వంగుతుందే తప్ప ముద్ద కదలదు. ముందు నీళ్లు పోసి పావుగంట నాననివ్వాలి, ఆ తర్వాత 50 మిల్లీమీటర్ల గొట్టాలున్న తడి, పొడి వాక్యూమ్‌తో లాగాలి. ముద్ద పెద్దదైతే గొట్టం పై వంపు దగ్గర ఇరుక్కుంటుంది కాబట్టి కొద్దికొద్దిగా లాగండి. పోల్ కొసకు ఫోన్ కెమెరా కట్టి ముందూ వెనకా ఫొటో తీస్తే పని ఎంత జరిగిందో ఇంటివాళ్లకు కింద నిలబడే చూపించవచ్చు. చదును మేడలైతే గట్టర్ ఉండదు, వాన నీళ్లు దిగే పైపు మూతి దగ్గరే చెత్త. అక్కడ మొలిచిన రావి మొక్కను పైపైన తుంచితే వేరు పైపులో మిగిలి మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా లాగి జాలీ బిగించాలి. సిమెంటు రేకుల షెడ్డు మీద మాత్రం కాలు పెట్టొద్దు. పాత రేకులైతే పొడిగా గోకడం, ప్రెషర్ వాషర్ కొట్టడం కూడా వద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

కరెంటు తీగల సంగతి ఏ కిట్ పుస్తకంలోనూ తగినంత గట్టిగా రాయలేదు. మన కాలనీల్లో 11 కేవీ లైను బాల్కనీకి చేయి చాపితే అందేంత దగ్గర ఉంటుంది. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ రెండూ కరెంటును పంపుతాయి. గ్లాస్ ఫైబర్ పొడిగా ఉన్నంతవరకే రక్షణ. మురికి నీళ్లు కారుతున్న పోల్‌ను పొడి పోల్‌గా లెక్కించకండి. పోల్ చేయి జారి ఎటు పడినా తీగకు తగలని చోటే నిలబడాలి, అలా కుదరని కిటికీని వదిలేయాలి. సాగదీసిన పోల్‌తో ఇంటి చుట్టూ నడవకండి. ఒక వైపు అయ్యాక మూసి, అవతలికి వెళ్లి మళ్లీ తెరవండి.

విల్లాలు, షోరూములు, గ్రిల్ లేని స్లైడింగ్ అద్దాలున్న ఇళ్లు మీ చుట్టుపక్కల ఉంటే కిట్ కొనండి, కొన్న రోజే ఆర్ఓ, పంపు, బ్యాటరీ కూడా తీసుకోండి. పని ఎక్కువగా పాత అపార్ట్‌మెంట్లలోనే దొరికేట్టుంటే ఆ డబ్బుతో మంచి వైపర్, రెండు మైక్రోఫైబర్ ప్యాడ్లు, నాలుగు అడుగుల చిన్న గెడ చాలు. కొనేముందు దుకాణంవాణ్ణి రెండు అడగండి: క్లాంపు విడిగా దొరుకుతుందా, రెసిన్ లీటరు ధర ఎంత. మొదటిదానికి ‘మొత్తం పోల్ మార్చాలండీ’ అంటే ఇంకో దుకాణం చూసుకోండి.