ఆర్సినోయీనా, కాథరీనా?

2016లో వచ్చిన త్రీ డార్క్ క్రౌన్స్ అనే ఫాంటసీ నవలలో ముగ్గురు కవల రాణులు, పదహారేళ్లు నిండాక ఒకళ్లనొకళ్లు చంపుకోవాలి, మిగిలినామెకే కిరీటం. (స్పాయిలర్లున్నాయ్, చదవనివాళ్లు ఆగండి.) వీళ్లలో ఎవరి కథ బావుందో చూద్దాం. మూడో రాణి మిరబెల్లాని పక్కనపెడదాం, ఆమె మాయాశక్తి మొదట్నుంచీ కనబడేదే.

ఆర్సినోయీని మొక్కలు, జంతువులు మాట వినే శక్తి ఉందనుకుని పెంచారు, కానీ ఏం పనిచెయ్యదు, చివరికి విషం కడుపులోకి వెళ్లినా చావకపోయేసరికి అసలు తను పాయిజనర్ (విషం ఏమీ చెయ్యలేని మనిషి) అని తేలుతుంది, ఆ ట్విస్ట్ నాకు భలే నచ్చింది. కాథరీన్‌ది రివర్స్, ఆ విషం శక్తి లేకపోయినా ఆమెని పెంచిన ఆరన్ కుటుంబం చిన్నప్పట్నుంచీ విషం తినిపిస్తూనే ఉంటుంది, పాపం. తర్వాత ఆమెని బ్రెచియా డొమైన్ అనే అగాధంలోకి తోసేస్తే పాత రాణుల ఆత్మల్ని వెంటేసుకొచ్చి భయపెడుతుంది.

సర్‌ప్రైజ్ కావాలంటే ఆర్సినోయీ, డార్క్‌నెస్ కావాలంటే మాత్రం కాథరీనే, నా ఓటూ ఆమెకే.